పులుసులో పోయిన నాలుగు వరసలు

63వ సంవత్సరం, ఆషాఢం 3

గాలి జల్లెడలు ఆరు కడిగి ఆరబెట్టాను. గోంగూర అరల మీది దీపాలు తుడిచాను. రెండు మాడిపోయాయి, మార్చాలి. వాడిన నీళ్లు రెండు డబ్బాలు శుద్ధికి పంపాను. పిండి రుబ్బి పులియడానికి పెట్టాను. ఆయన చొక్కాకు గుండీలు కుట్టాను. బట్టలు మడత పెట్టడం మిగిలింది.

సాయంత్రం వీధి సభకు వెళ్లాను. నీళ్ల పండుగ పంక్తికి ఈసారి ఎవరి చేయి వాడదామని అడిగారు. అడగడం ఆనవాయితీ కోసమే. అందరూ ఒక్క గొంతుతో నా తోడికోడలి పేరు చెప్పారు. మందాకిని చేయి, మందాకిని పులుసు. ఇది ఏడో ఏడు. ఆమె తల వంచుకుని కొంగు సర్దుకుంది. ఆ సర్దుకోవడం కూడా నేను ఏడోసారి చూస్తున్నాను.

పద్దెనిమిదేళ్ల కిందట ఆమె నలభై పూటలు కొలత గాజు తొడుక్కుని వండింది. ఎంత ఉప్పు వేసింది, ఎప్పుడు మూత తీసింది, గరిటె ఎంతసేపు తిప్పింది, అన్నీ ఆ గాజు చూసి ఫైలులో వరసలుగా రాసుకుంది. ఆ ఫైలే ఆమె చేయి. ఏ వంట మిషనుకు ఇచ్చినా మందాకిని పక్కన నిలబడి వండినట్టే వండుతుంది. నా చేయి కూడా వీధి దస్త్రాల్లో ఉంది. ఐదేళ్ల కిందట ఎక్కించుకున్నాను. ఇప్పటివరకు ఎవరూ అరువడగలేదు.

ఉమ్మడి వంటశాలకు కొత్త మిషను వచ్చింది కదా, సభ అయ్యాక అందులో మందాకిని చేయి పెట్టి చూశారు. మిషన్లు చూసే కోదండం మీట నొక్కాడు. అందరం పళ్లేలు పట్టుకుని నిలబడ్డాం. మిషను పెద్ద గంగాళంలో నీళ్లు పోసి, మరిగించి, అయిపోయిందని గంట కొట్టింది. మూత తీస్తే ఉత్త వేణ్ణీళ్లు. తెర మీద చూస్తే ఆమె చేతి వరసల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. కొక్కిరి బిక్కిరి గుర్తులు, కొమ్ములు, చుక్కలు. చదవలేని ప్రతి వరసనూ మిషను వదిలేసుకుంటూ పోయింది.

పండుగ ఇరవయ్యో తేదీన. అప్పటికి అది చదవడం కుదరకపోతే జాబితాలో తరువాతి చేయి వాడాలి. తరువాతి చేయి నాది.

ఇంటికి వస్తూ నవ్వుకున్నాను. ఆయన చూసి, ఏమిటన్నారు. ఏమీ లేదన్నాను.

ఆషాఢం 5

ఉదయం జల్లెడలు రెండు. దీపాలు మార్చాను. కిందటి వారం మిగిలిన చపాతీ పిండి ఎండబెట్టాను. మంచినీళ్ల వంతు తెచ్చుకున్నాను.

ఈ ఏడు వీధి దస్త్రాలు చూసే వంతు నాది. కాబట్టి ఆ ఫైలు ఒకసారి తెరిచి చూడడం నా పనే. వీధి గదికి వెళ్లి కొత్త తెర మీద తెరిచాను. మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా అదే కంగాళీ. నాకు అర్థమైంది ఏమీ లేదు గానీ, నాలుగు వరసల్లో మాత్రం గుర్తుల మధ్య ఖాళీలు మరీ అడ్డదిడ్డంగా ఉండి గడులు పక్కకు జరిగిపోయాయి. అలాంటివి చూస్తే నా చేయి ఊరుకోదు. ఖాళీలు తీసి గడులు వరసలోకి తెచ్చాను. తరువాత మూసేటప్పుడు ముద్ర వేశాను. తెరిచిన దస్త్రం ముద్ర వేయకుండా మూయకూడదని మా వీధి పద్ధతి. తొలి తరం వాళ్లు పెట్టారు. చిన్నప్పటి నుంచి తలుపు గొళ్లెం వేసినట్టు వేస్తాం.

మందాకిని దారిలో కనిపించింది. కొత్త ముక్కుపుడక పెట్టుకుంది.

"ఏంటక్కా, నా చెయ్యి విరిగిందంట," అంది.

"కట్టు కడతార్లే," అన్నాను.

ఆషాఢం 6

పనులు మామూలే. రాయడానికి మనసు లేదు కాని రాయాలి.

కోదండం పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నిన్న ఆ ఫైలు తెరిచారా?"

"తెరిచాను. సర్ది, ముద్ర వేసి మూశాను."

"వేశారా," అని స్టూలు మీద కూర్చుండిపోయాడు.

మంచినీళ్లు ఇచ్చాను. తాగి, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఫైలులో అక్షరం అక్షరంగా ఉండదట, అంకెగా ఉంటుందట. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. ఫైలుకూ మిషనుకూ మధ్య నిలబడి ఆ పట్టిక ప్రకారం చదివిపెట్టేదాన్ని డ్రైవర్ అంటారు. ఏ పట్టిక వాడామో రాసి పెట్టడానికి ఫైలు తలలో ఒక గడి ఉంది. తొలి తరం వాళ్లకు ఉన్నది ఒకటే పట్టిక, అందుకని ఆ గడి ఖాళీగా వదిలేశారు. కొత్త డ్రైవర్ ఖాళీ గడి చూసి, తనకు అలవాటైన పట్టికతో చదివేస్తోంది. అంకెలు అవే, అక్షరాలు వేరే. నా చేయి ఎక్కించే నాటికి ఆ గడి నింపడం మొదలైందట, అందుకని దానికి ఏమీ కాలేదు.

"అయితే మందాకిని చెయ్యికి ఏమీ కాలేదుగా?"

"చదివినంతసేపూ ఏమీ కాదమ్మా. పాత పట్టిక దొరికితే అదంతా మళ్ళీ తెలుగులోకి వస్తుంది. కానీ మీరు సర్దిన వరసలున్నాయి చూశారా, ముద్ర వెయ్యగానే డ్రైవర్ వాటిని తిరిగి ఫైల్లో రాసింది. దానికి తెలియని ప్రతి అంకె దగ్గరా ప్రశ్న గుర్తు పెట్టేసింది. ఇప్పుడు లోపల ఉన్నది ప్రశ్న గుర్తే. ఏ పట్టిక తెచ్చినా అది ప్రశ్న గుర్తే."

"ఏ వరసలు?"

"పులుసు వండిన పూటవి. ఉప్పు, కారం, పిండి కలపడం, తిరగమోత. పక్కన వరస సంఖ్యల్ని బట్టి అవే అయ్యుండాలి."

పులుసులో అవి తీసేస్తే మిగిలేది ఉడికిన ఆకు.

"ఇంకో ప్రతి లేదా?"

"చెయ్యి వీధి గదిలో ఒక్కటే ఉండాలి గదమ్మా. అరువు తీసుకున్న ఇంట్లో ఉంటుందేమో గానీ, అరువు పుస్తకంలో ఆవిడ చెయ్యి ఇప్పుడెవరి పేరునా లేదు." లేచాడు. "ఆవిడ మళ్ళీ గాజు తొడుక్కుని ఒక్కపూట వండితే చాలు, ఆ వరసలు పడిపోతాయి. మీరడిగితే బాగుంటుంది. నేనడిగితే సంజాయిషీ చెప్పాలి."

ఆషాఢం 7

జల్లెడలు కడగలేదు. రేపటికి పన్నెండు అవుతాయి.

మందాకిని ఇంటికి వెళ్లాను. ముందుగదిలో పీట వేసుకుని గోంగూర తుంచుతోంది. మరిది తవ్వకాల దగ్గర ఉన్నాడు, నెలాఖరుకు గాని రాడు. నేను నాలుగు వరసల సంగతి ఎత్తలేదు. కొత్త మిషను కోసం ఒక్కపూట గాజు తొడుక్కుంటావా అని మాత్రం అడిగాను.

"నేనా? మళ్ళీ గాజా?" నవ్వింది. "ఆ ముచ్చట అప్పుడే తీరిపోయిందక్కా. ఉన్నది చదువుకోలేకపోతే అది కోదండం తప్పు."

"ఒక్కపూటే మందా."

"ఒక్కపూటైనా సరే. నావల్ల కాదు."

నాకు ఒళ్లు మండింది. ఏడేళ్లు పొగిడించుకున్న మనిషికి ఒక పూట చేయి ఆడించడం బరువైపోయింది. కిందటి రెండు మూడు పండుగల్లోనూ చూశాను, అందరూ లొట్టలేస్తుంటే ఈమె మాత్రం నాలుగు మెతుకులు కతికి చేయి కడుక్కుంది. తన వంట తనకే ఆనదు కాబోలు అనుకున్నాను. ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను. అప్పుడు వాసన వచ్చింది.

కాలుతున్న గుడ్డ వాసన. మా ఊళ్లో నడక రాని పిల్లలు కూడా ఆ వాసనకు ఏడుస్తారు. నాలుగు వందల మంది ఒకటే గాలి పీలుస్తాం, తలుపు అవతల పీల్చడానికి ఏమీ లేదు. ఎవరి ఇంట్లో మాడినా ముందు లేచి నిలబడతాం, తరువాత ఆలోచిస్తాం. నేను లేచి నిలబడ్డాను. మందాకిని కాడలు తుంచుతూనే ఉంది.

"మందా, కాలుతోంది."

"ఏంటి?"

లోపలికి పరుగెత్తాను. పొయ్యి పలక మీద మసిగుడ్డ అంచు ఎర్రగా రాజుకుంటోంది. నీళ్ల గిన్నెలో ముంచాను. తిరిగి చూస్తే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో రక్తం లేదు.

"నీకు వాసన రాలేదా?"

గిన్నెలోని మసిగుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ నీళ్లలో పడేసింది.

"ఎన్నాళ్లయింది?" అని అడిగాను.

"జల్లెడ గదిలో మంటలొచ్చినప్పుడు పొగ మింగాను గదా. అప్పట్నించి. వాసన లేదు, రుచీ లేదు. నీ మరిదిగారికి కూడా తెలీదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే జాలి పడతారక్కా. మందాకిని చెయ్యంటే ఎట్టా ఉండేదో అని చెప్పుకుంటారు. ఉండేది అని. అది నేను వినలేను." పీట మీద కూర్చుంది. "నేనిప్పుడు వండితే అది వంట కాదు. గుప్పెట్లోకి ఎంత ఉప్పొచ్చిందో చేతికి తెలుసనుకుంటాం. చేతికేం తెలీదు. నాలుక చెప్తే విని నేర్చుకుంటది, అంతే. ఈ మూడేళ్లలో మరిచిపోయింది. నాకు మిగిలింది ఆ ఫైలొక్కటే."

ఆ ఫైలులో నాలుగు వరసలు లేవని, తీసేసింది నేనని చెప్పాల్సింది. మసిగుడ్డ పిండి ఆరేసి వచ్చేశాను.

ఆషాఢం 9

జల్లెడలు పన్నెండూ అయ్యాయి. అప్పడాల పిండి కలిపాను. ఆయనతో మాట్లాడలేదు. ఎందుకో కింద రాస్తాను.

పాత పట్టిక కావాలంటే తొలి తరం వంట మిషను ఒకటి కావాలన్నాడు కోదండం. పట్టిక దాని కడుపులోనే ఉంటుంది. వీధిలో అందరూ కొత్తవి తెచ్చుకున్నారు. మందాకిని కిందటి నెలే మార్చింది. పాతది మా ఇంట్లో ఒక్కటే ఉంది. పనిచేస్తున్న వస్తువును బయట పారేయడం నాకు చేతకాదు.

మిషను వెనక పలక విప్పి, పట్టిక ఎక్కడుందో కోదండం చెప్పిన వరసలో వెతుకుతున్నాను. దారిలో "అరువు చేతులు" అన్న గది వచ్చింది. ఖాళీగా ఉండాలి. ఒక పేరు ఉంది. చక్కటి తెలుగులో, గుండ్రటి అక్షరాలతో: మందాకిని.

వాడిన రోజులు కింద ఉన్నాయి. అన్నీ మంగళవారాలే. మంగళవారం నేను ఆకుకూరల కొట్టంలో పనికి పోతాను, పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాను. ఏడాదిగా ప్రతి మంగళవారమూ ఆయన మధ్యాహ్నం తిన్న గిన్నె కడిగి బోర్లించి పెడుతున్నారు. ఎంత మారారో అని మురిసిపోయాను. కొట్టంలో పదిమందికీ చెప్పుకున్నాను కూడా.

ఆయన రాగానే మిషను తెర చూపించాను. చూసి, చెప్పులు విప్పకుండా అలాగే నిలబడ్డారు.

"ఇదేంటండీ?"

"అదా... పోయినేడు దస్త్రాలు చూసినాయన మనవాడే గదా. పేకాటలో గెలిచా."

"మందాకిని చెయ్యిని పేకాటలో గెలిచారా?"

"గెలిచానంటే, పుస్తకంలో రాయకుండా ఇచ్చాడు. వారానికి ఒక్క పూటే సుభాషిణీ. మిగతా పూటలన్నీ నీ వంటే గదా."

"మిగతా పూటలు తప్పదు కాబట్టి."

"అలా అన్నానా నేను?"

"గిన్నె కడిగి మరీ అన్నారు."

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నారు. "ఉప్పూ కారం తగ్గించే తిన్నాలే. డాక్టరు చెప్పాడు గదా," అన్నారు, అదేదో నా మీద దయతో చేసినట్టు.

నా కూర మీద ఉప్పు తక్కువైందని రోజూ సణిగే మనిషి, ఆమె పులుసులో తనంతట తనే ఉప్పు తగ్గించుకుని తిన్నారు.

ఆషాఢం 10

అప్పడాలు వత్తాను. అన్నీ ఒక్క సైజులో రాలేదు.

పట్టిక కోదండానికి ఇచ్చాను. కొత్త డ్రైవర్‌కు ఆ పట్టిక చూపించి, ఫైలు తలలోని ఖాళీ గడిలో దాని సంఖ్య రాశాడు. ముందు ప్రతి తీసి, ఆ ప్రతి మీదే చేశాడు. కొమ్ములూ చుక్కలూ పోయి వరస తరువాత వరస తెలుగు అయింది. "గోంగూర, కాడ లేకుండా." "ఉల్లి, నిలువుగా." నాలుగు చోట్ల మాత్రం ప్రశ్న గుర్తులు బారుగా నిలబడ్డాయి. అరువు ప్రతి ఉందని కోదండానికి చెప్పలేదు.

చెప్తే ఏమవుతుందో లెక్క వేసుకున్నాను. అరువు పుస్తకంలో భానుమూర్తి అని ఆయన పేరు ఎక్కాలి, తేదీలతో సహా. పుస్తకం వీధి గదిలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. దస్త్రాలు చూసే మనిషి మొగుడే దొంగతనంగా తోడికోడలి చేతి పులుసు తింటున్నాడని నీళ్లు పట్టుకునే చోట నవ్వుకుంటారు. చెప్పకపోతే పండుగకు నా చేయి. నాకు తెలిసింది మా వీధిలో ఇంకెవరికీ తెలియాల్సిన పని లేదు.

మధ్యాహ్నం ముందుజాగ్రత్తగా నా చేతితో కొత్త మిషను మీద పులుసు చేయించి చూశారు. నేను పక్కనే నిలబడ్డాను. పదిమంది రుచి చూశారు.

"బాగానే ఉంది," అన్నారు.

"బాగానే ఉందమ్మా, పర్లేదు," అన్నారు.

ఒకామె గరిటె నాకుతూ, "మందాకిని పులుసుకి కూడా ఇదే ఆకేనా?" అంది.

నేను కూడా ఒక చెంచా తిన్నాను. బాగానే ఉంది. నాకు తెలుసు అది బాగానే ఉందని. మందాకిని పులుసు గొంతు దిగాక ఒక క్షణం ఆగి, మెంతుల చేదు వెనక నుంచి వచ్చి పలకరిస్తుంది. నాది గొంతు దిగి వెళ్లిపోతుంది. ఆ తేడా నాకు తెలిసినంతగా వాళ్లెవరికీ తెలియదు. ఆరేళ్లుగా పంక్తిలో కూర్చుని ప్రతి ముద్దలోనూ దాన్నే వెతుక్కుంటూ తిన్నాను.

అక్కడే నిలబడి ఉండగా మందాకిని మూడేళ్లుగా కతికిన ఆ నాలుగు మెతుకులు గుర్తొచ్చాయి.

ఆషాఢం 12

జల్లెడలు నాలుగు. నీళ్ల వంతు ఆయన తెచ్చారు, చెప్పకుండానే.

మందాకినిని మా ఇంటికి పిలిచాను. ముందు ముద్ర సంగతి చెప్పాను. వరసలు సర్దడం, మూయడం, ప్రశ్న గుర్తులు, అన్నీ.

ఆమె నన్నే చూస్తూ విన్నది. "కావాలనే వేశావా అక్కా?"

"అలవాటుగా వేశాను. పోయాయని తెలిశాక బాధపడాలి గదా. ముందు నా చెయ్యి వాడతారని గుర్తొచ్చింది."

మందాకిని కిటికీ వైపు తిరిగింది. మా కిటికీలోంచి కనిపించేది ఎదురింటి గోడే.

"ఇంకా ఏదో ఉందిగా? నీ ముఖం చూస్తే ఉన్నట్టుంది," అంది ఇటు తిరిగి.

మిషను తెర చూపించాను. పేరు చదివింది, మంగళవారాలు చదివింది.

"బావగారా?"

"బావగారే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "పేకాటలోనా? నా చెయ్యి ఖరీదు ఒక పేకాటా?" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు. కొంచెం వచ్చింది.

ఆ ప్రతిలో నాలుగు వరసలూ ఉన్నాయి. పిండి కలపడం, తిరగమోత చెక్కు చెదరలేదు. ఉప్పు, కారం వరసలు కూడా ఉన్నాయి, కాని కొలతలు ఆయన మార్చినవి. మార్చకముందు ఎంతో మిషను దాచుకోలేదు.

"ఎంత వేసేదానివో గుర్తుందా?" అని అడిగాను.

"చేత్తో వేసేదాన్నక్కా. అంకె నాకేం తెలుసు?"

"అయితే చేసి చూద్దాం. నేను తిని చెప్తాను."

మందాకిని నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. నేను ఏది చెప్తే అదే ఆమె చేయి. ఉప్పు కాస్త అటూ ఇటూ చేసి, ఇదే నీ పులుసు అంటే కాదనడానికి ఆమెకు నాలుక లేదు. ఊరంతా తిని, ఏమిటో మందాకిని చేతిలో మునుపటి కళ లేదు అంటుంది. ఆ తరువాత ఏడు ఎవరి చేయి అని అడిగితే ఒక్క గొంతుతో ఒకే పేరు రాదు. ఇది నాకు అప్పటికప్పుడే తట్టింది. వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది.

"ఇంకెవరినైనా పిలవనా? నామీద నమ్మకం లేకపోతే," అన్నాను.

"వద్దు. ఇంకెవరికీ తెలియకూడదు." గిన్నె నా వైపు జరిపి, "చెయ్యి," అంది.

మొదటిది చప్పగా ఉంది. కాదన్నాను. రెండోది బాగుంది. ఎవరికి పెట్టినా మందాకిని పులుసే అంటారు. చెంచా పెదవుల దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. ఉప్పు సరిపోయింది. కారం ఒక్క రవ్వ ముందుకొచ్చి నిలబడి, వెనక మెంతుల చేదును రానివ్వడం లేదు. ఎవరూ పట్టుకోలేరు. నేను తప్ప.

"ఏంటక్కా?"

"ఇదీ కాదు. కారం చిటికెడు తగ్గాలి."

మూడోది తిన్నాను. గొంతు దిగింది. ఒక క్షణం ఆగాను. వెనక నుంచి ఆ చేదు వచ్చి పలకరించింది. ఆరేళ్లుగా నన్ను పలకరిస్తున్నదే, అదే కొలతలో.

"ఇదే," అన్నాను.

"నీకంత ఖచ్చితంగా ఎట్టా తెలుసు?"

"ప్రతి ఏడూ కుళ్లుకుంటూ తిన్నాను మందా. ఇష్టంగా తిన్నవాళ్లకి ఇంత గుర్తుండదు."

ఈసారి ఆమె నవ్వలేదు. నా చేతిలోని చెంచా తీసుకుని గిన్నెలో ముంచి తను కూడా తిన్నది. ఏమీ తెలియదని తెలిసీ తిన్నది.

ఆయన పేరు అరువు పుస్తకంలో రాశాను. తేదీలన్నీ రాశాను. సాయంత్రం అరువు ప్రతిని, సరిచేసిన కొలతలనూ కోదండానికి ఇచ్చాను. అతను పుస్తకం చూసి, నన్ను చూసి, పనిలో పడ్డాడు. వెళ్లేముందు, తెరిచిన దస్త్రాన్ని చదవడానికే తెరిచామా, రాయడానికి తెరిచామా అని డ్రైవర్‌కు ముందే చెప్పాలనీ, చదవడానికి తెరిచినదానికి ముద్ర వేయకూడదనీ పద్ధతుల పలక మీద నేనే రాశాను. నా చేతి రాత బాగుందని అన్నాడు.

ఆషాఢం 20, నీళ్ల పండుగ

జల్లెడలు లేవు, పండుగ సెలవు. విస్తళ్లు తుడిచాను. వీధి గది ఊడ్చాను.

పుస్తకం సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఆయన పంక్తిలో కూర్చోగానే, "మూర్తిగారూ, ఇవాళ మంగళవారం కాదండోయ్" అని ఎవరో అరిచారు. పంక్తి పంక్తంతా నవ్వింది. ఆయన తల ఎత్తలేదు. నేను వడ్డిస్తూ ఆయన విస్తట్లో ఒక గరిటె ఎక్కువ పోశాను. అందరూ చూసేలాగే పోశాను.

పులుసు తిన్నారు. మాటలు ఆగిపోయాయి, ఎప్పటిలాగే. తరువాత మందాకిని పేరు మొదలైంది. ఆమె కొంగు సర్దుకుంది. ఆ పులుసులో ఒక చిటికెడు కారం నాది అని చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను?

ఆమె పక్కన నాకు చోటు ఉంచింది. కూర్చోగానే చెవి దగ్గరకు వంగింది.

"చెప్పక్కా. ఎట్టా ఉంది?"

ఒక ముద్ద తిన్నాను. "ముందు పులుపు. గట్టిగా కాదు, చెయ్యి పట్టుకున్నట్టు. తరువాత ఉల్లి తీపి. తరువాత ఏమీ ఉండదు, ఒక్క క్షణం. అప్పుడు మెంతులు."

"ఆఁ," అంది. "మెంతులు చివర్నే వస్తాయి." ఇంకో ముద్ద కలుపుకుంది. ఈసారి విస్తరి ఖాళీ చేసింది.

ఆషాఢం 22

జల్లెడలు ఆరు. దీపాలు తుడిచాను. అరువు భోజనం వండాను.

చేయి అరువు తీసుకున్న ఇల్లు మిషను తాకకుండా సొంత చేత్తో ఒక పూట వండి, చేయి ఇచ్చిన మనిషికి పెట్టాలి. అలా పెడితేనే అరువు తీరినట్టు. నిన్నంతా ఏం వండాలా అని ఆలోచించాను. రుచి తెలియని మనిషికి నా పులుసైనా ఆమె పులుసైనా ఒకటే. నాలుకకు అందనివన్నీ పక్కన పెట్టి, నోటికి ఇంకా ఏం తెలుస్తుందో ఒక్కొక్కటే రాసుకున్నాను. కరకర తెలుస్తుంది. వేడి, చల్లన తెలుస్తాయి. జారేది, అంటుకునేది తెలుస్తాయి. మిరపకాయ మంట తెలుస్తుంది, అది రుచి కాదు కాబట్టి.

వేయించిన అప్పడాలు, నూనె పీల్చని పలుచటివి. మెత్తగా జారే కందిపప్పు, పొగలు కక్కుతూ. దాని పక్కనే మంచుగడ్డలా చల్లబరిచిన మజ్జిగ. పల్లీలు పొడి కాకుండా పలుకుగా దంచిన మిరపకారం. కరకరలాడేలా వేగిన కరివేపాకు. ఆయన వడ్డించారు. అరువు ఆయనది కాబట్టి, వడ్డన ఆయనదే.

"బావగారూ, మజ్జిగ ఇటు," అంటూ ఆయన్ని నాలుగుసార్లు తిప్పింది మందాకిని. ఆయన తిరిగారు.

అప్పడం విరిచి పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంది. కరకర వినిపించింది. వేడికి నోరు తెరిచి ఊదుకుంది. మిరపకారం కలుపుకుని ఒక ముద్ద తిని, కళ్లలో నీళ్లు తిరిగి, గబగబా మజ్జిగ తాగింది. గ్లాసు దించి అలాగే కూర్చుంది.

"ఎక్కువైందా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "మూడేళ్లయిందక్కా, నోట్లో ఏదన్నా ఉందని తెలిసి."

మారు వడ్డించుకుంది. మళ్ళీ వడ్డించుకుంది. ఆయన ఖాళీ గిన్నె పట్టుకుని నా వైపు చూశారు, తనకు మిగల్చలేదని. నేను చూడనట్టు ఉన్నాను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "అక్కా, నువ్వోసారి గాజు తొడుక్కుని ఇవ్వాళ్టి వంట మళ్ళీ చెయ్యి. మంగళవారాలకి నీ చెయ్యి నాకు అరువు కావాలి. పుస్తకంలో రాసే ఇవ్వు."

"పేకాట ఆడాలేమో మరి," అన్నాను.

ఆమె వెళ్లాక పుస్తకం తీశాను. సుభాషిణి చేయి, అరువు అడిగినవారు మందాకిని. మొదటి పేరు. అక్షరాలు ఆరాక ఇంకోసారి చదువుకున్నాను. ఆ పైన, ఆయన పేరున్న వరస దగ్గరకు వెళ్లి చివరి గడి నింపాను.

భానుమూర్తి, మందాకిని చేయి, అరువు భోజనం పెట్టడమైనది. తీరింది.